చివరి చుక్క తర్వాతి రెండక్షరాలు ఎవరివి?

గుంటూరు మిర్చి ఎగుమతిదారులకు, విజయవాడ వస్త్ర వర్తకులకు, ఆటోనగర్ యజమానులకు, కొత్తగా కంపెనీలు పెడుతున్న పిల్లలకు, మీ మీ సంఘాల అధ్యక్ష కార్యదర్శులకు నమస్కారం.

అడగదలచుకున్నది ముందే అడిగేస్తాను. మీ సభ్యుల్లో ఎవరైనా వెబ్‌సైటు పేరు కొనబోతుంటే, డబ్బు కట్టే ముందు ఒక్క విషయం తెలుసుకోమనండి. ఆ పేరు చివర చుక్క తర్వాత రెండక్షరాలే ఉంటే అవి ఏ దేశానివి? ఆ దేశం వాటిని ఎవరి చేతిలో పెట్టింది? తెలుసుకోవడానికి పట్టేది పది నిమిషాలు. తెలుసుకోకపోతే పోయేది ఏళ్ల తరబడి సంపాదించుకున్న పేరు.

గవర్నర్‌పేటలో వెబ్‌సైట్లు తయారుచేసి ఇవ్వడం నా వృత్తి. ఈ మధ్య నా దగ్గరకు వచ్చేవాళ్లు ముందుగానే ఒక తోక ఖాయం చేసుకుని వస్తున్నారు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు డాట్ ఏఐ కావాలి. సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు డాట్ ఐఓ. యూట్యూబ్ వార్తా చానళ్లవాళ్లకు డాట్ టీవీ. ఎగుమతిదారులకు డాట్ సీఓ, అది కంపెనీ అనడానికి పొట్టి రూపమని ఎవరో చెప్పారట. డాట్ సీఓ కొలంబియాది. 2010 నుంచి ప్రపంచంలో ఎవరికైనా అమ్ముతున్నారు. డాట్ ఏఐ కరీబియన్ సముద్రంలోని అంగ్విలా దీవిది, డాట్ టీవీ పసిఫిక్‌లోని తువాలుది. ఈ మాట చెబితే చాలామంది నవ్వి, ‘అయితే ఏమైంది?’ అంటారు. ఏమవుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

మంగళగిరి పక్కన రెండు వందల గజాల స్థలం కొనాలంటే మనం ఏం చేస్తాం? లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తాం. తెలిసిన లాయరుకు చూపిస్తాం. సరిహద్దు రాళ్ల దగ్గర నిలబడి పక్క స్థలం ఆయనను పిలిపించి మరీ మాట్లాడతాం. వ్యాపారం పేరు మాత్రం ఫోనులో రెండు నిమిషాల్లో కొనేస్తాం. ఆ పేరుకూ లింకు డాక్యుమెంట్లు ఉన్నాయి. అవి న్యూయార్క్‌లో మొదలై, జెనీవా మీదుగా కాలిఫోర్నియాకు చేరతాయి. తిరగేసి చూద్దాం రండి.

1980ల మొదట్లో ఇంటర్నెట్ అంటే అమెరికాలోని కొన్ని విశ్వవిద్యాలయాలు, పరిశోధన కేంద్రాలు, వాటి మధ్య తీగలు. యంత్రాలకు పేర్లు పెట్టే పద్ధతిని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసే జాన్ పోస్టెల్ తన సహోద్యోగి జాయిస్ రేనాల్డ్స్‌తో కలిసి 1984 అక్టోబరులో ఒక పత్రంగా రాశారు. దేశాలకు ఏ పేర్లు ఇవ్వాలన్న చోట పోస్టెల్ గొప్ప తెలివి చూపించాడు. ఏది దేశమో తేల్చే తలనొప్పిని తన నెత్తికి ఎత్తుకోలేదు. జెనీవా కేంద్రంగా ఉన్న ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1974లోనే దేశాలకు రెండేసి అక్షరాల కోడ్‌లతో ఒక జాబితా అచ్చువేసింది. అందులో ఉన్న అక్షరాలే వాడుకుందాం అన్నాడు, అంతే. 1994 మార్చిలో రాసిన మరో పత్రంలో ఇంకా సూటిగా చెప్పాడు: ఏది దేశం, ఏది కాదు అని నిర్ణయించడం మా పని కాదు అని. ఇంటర్నెట్ చరిత్రలో ఇంత పనికొచ్చిన తప్పించుకోవడం ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

ఐఎస్ఓ కూడా తనంతట తాను తేల్చదు. అది ఐక్యరాజ్యసమితి వైపు చూస్తుంది. సమితి ప్రచురించే దేశాల పేర్ల పట్టికలోనో, సమితి గణాంక విభాగం వాడే పట్టికలోనో పేరు ఉంటేనే జెనీవాలో రెండక్షరాలు కేటాయిస్తారు. పేర్ల పట్టికలోకి ఎక్కాలంటే సమితి సభ్యత్వమో, సమితి ప్రత్యేక సంస్థల్లో దేనిలోనైనా సభ్యత్వమో, అంతర్జాతీయ న్యాయస్థానపు ఒడంబడికలో భాగస్వామ్యమో ఉండాలి. గణాంకాల పట్టికలో దేశాలతో పాటు విడి భూభాగాలు కూడా ఉంటాయి. అందుకే స్వతంత్ర దేశం కాని అంగ్విలాకూ అక్షరాలున్నాయి, మనిషి అడుగు అరుదుగా పడే హెర్డ్ దీవికీ డాట్ హెచ్ఎం ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన ఆ మంచు దీవిలో ఉండేవి పెంగ్విన్లు, సీళ్లు.

మరి కొసొవో? 2008 ఫిబ్రవరి 17న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. పదిహేను లక్షలకు పైగా జనం ఉన్నారు. 2009లో ప్రపంచ బ్యాంకులో, అంతర్జాతీయ ద్రవ్య నిధిలో చేరింది. ఫోన్ల కోసం 383 అనే దేశ సంఖ్య కూడా సంపాదించుకుంది. చాలా దేశాలు గుర్తించాయి, మన దేశం గుర్తించలేదు. ఇంత జరిగినా జెనీవా జాబితాలో దానికి చోటు లేదు, కాబట్టి ఇంటర్నెట్‌లో సొంత అక్షరాలు లేవు. అక్కడి పత్రికలు, దుకాణాలు డాట్ కామ్‌తోనే బండి నడుపుకుంటున్నాయి. 1991 నుంచి విడిగా పాలన సాగిస్తున్న సోమాలిలాండ్‌దీ అదే కథ. ఇంగ్లండ్ తీరానికి దూరంగా, యుద్ధకాలపు సముద్ర దిమ్మె మీద 1967 నుంచి రాజ్యం ఏలుతున్నామని చెప్పుకునే సీలాండ్ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

పాలస్తీనా తిరకాసు ఇంకో రకం. అది నేటికీ సమితిలో పూర్తి సభ్యదేశం కాదు. అయినా గణాంకాల పట్టికలో భూభాగంగా చేరడంతో దానికి పీఎస్ అక్షరాలు వచ్చాయి, 2000లో డాట్ పీఎస్ మొదలైంది. అంటే, ఈ జాబితా దేశాన్ని గుర్తించే ముద్ర కాదు. అయినా ఇంటర్నెట్‌లో సొంత అక్షరాలు కావాలంటే దాదాపుగా ఇదొక్కటే దారి. ‘దాదాపుగా’ అన్నది ఎందుకంటే బ్రిటన్ వాడే యూకే ఆ జాబితాలో దాని అసలు కోడ్ కాదు, అక్కడ ఉన్నది జీబీ. యూరోపియన్ యూనియన్ దేశమే కాకపోయినా ఈయూ అక్షరాలను ప్రత్యేకంగా కేటాయించి ఉంచారు. పెద్దవాళ్లకు పెరటి గుమ్మం ఎప్పుడూ ఉంటుంది.

అక్షరాలు వచ్చినంత మాత్రాన వెబ్‌సైట్లు లేవవు. కొత్త దేశం అయానా అనే విభాగానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసుకోవడానికి లాస్ ఏంజెలెస్ కేంద్రంగా 1998లో ఏర్పడిన ఐకాన్ సంస్థ కింద ఇది ఇప్పుడు నడుస్తోంది. నడిపే సంస్థ ఆ దేశంలోనే ఉండాలి. అక్కడి ప్రభుత్వం అభ్యంతరం లేదని చెప్పాలి, స్థానికంగా ఇంటర్నెట్ వాడేవాళ్ల మద్దతు చూపాలి. వేరు వేరు నెట్‌వర్కుల్లో పేరు సర్వర్లు (పేరు అడిగితే దారి చెప్పే కంప్యూటర్లు) ఆగకుండా నడపగలమని నిరూపించాలి. అన్నీ కుదిరితే, ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ దారి అడిగే మూల పట్టికలో రెండు మూడు వరుసలు చేరతాయి. 2016 వరకు ఆ వరుసలు చేరాలంటే అమెరికా వాణిజ్య శాఖ సరే అనాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ మెలిక లేదు.

దక్షిణ సూడాన్‌ను చూడండి. 2011 జులై 9న స్వతంత్రమైంది. అయిదు రోజులకే సమితిలో 193వ సభ్యదేశంగా చేరింది. ఆగస్టుకల్లా ఎస్ఎస్ అక్షరాలు వచ్చేశాయి. అవి నాజీ దళాన్ని గుర్తుకు తెస్తాయని అప్పట్లో కొందరు ముఖం చిట్లించుకున్నారు కూడా. కానీ డాట్ ఎస్ఎస్ మూల పట్టికలోకి ఎక్కింది 2019లో. మధ్యలో 2013 చివర మొదలైన అంతర్యుద్ధం ఉంది, సంస్థలు నిలబెట్టుకోవడానికి పట్టిన కాలం ఉంది. జెండా ఎగరేయడానికి ఒక పూట చాలు, సర్వరు గది నిర్మించి దానికి మనుషుల్ని పెట్టడానికి ఏళ్లు పడతాయి.

తూర్పు తిమోర్‌ది ఇంతకంటే చిత్రమైన కథ, నాకు ఎంతో ఇష్టమైనది. 1975లో పోర్చుగల్ వెళ్లిపోగానే ఇండోనేషియా ఆక్రమించుకుంది. సమితి మాత్రం దాన్ని ఇంకా పోర్చుగల్ పాలన కింది భూభాగంగానే లెక్కించింది. అందువల్ల జెనీవా జాబితాలో ‘పోర్చుగీసు తిమోర్’ అన్న అర్థంలో టీపీ అక్షరాలు అలాగే నిలిచి ఉన్నాయి. 1997లో డబ్లిన్‌లోని ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీ, తిమోర్ పోరాట నాయకుల మద్దతుతో, ఆ అక్షరాలను తెరిచింది. నేల మీద స్వాతంత్ర్యం లేని దేశానికి ఐర్లండ్‌లోని సర్వర్లలో చిరునామా! 1999 జనవరిలో ఆ సర్వర్ల మీద పెద్ద దాడి జరిగి, కంపెనీ మొత్తం సేవలు ఆపుకోవాల్సి వచ్చింది. 2002 మే 20న దేశం నిజంగానే స్వతంత్రమైంది. అప్పుడు కొత్త అక్షరాలు టీఎల్ వచ్చాయి, 2005లో డాట్ టీఎల్ మొదలైంది. పోరాటకాలంలో ప్రాణం పెట్టి నిలబెట్టుకున్న డాట్ టీపీని 2015లో మూల పట్టిక నుంచి తీసేశారు. అక్కడ పేరు పెట్టుకున్నవాళ్లంతా ఇల్లు మారాల్సి వచ్చింది.

ఇక్కడ ఆగండి. మీకు పనికొచ్చేది ఇదే. దేశం పేరు మారినా, చీలినా, మరో దేశంలో కలిసినా దాని రెండక్షరాలు ఈరోజు కాకపోతే రేపైనా పోయే ప్రమాదం ఉంది.

యుగోస్లావియా చెదిరిపోయాక కూడా డాట్ వైయూ చాలా ఏళ్లు బతికింది. సెర్బియా, మాంటెనెగ్రో 2006లో విడిపోయాక ఒకరికి డాట్ ఆర్ఎస్, ఇంకొకరికి డాట్ ఎంఈ వచ్చాయి. 2010 మార్చి 30న డాట్ వైయూను ఆపేశారు. ఆ పేరుతో ఉన్న పాత విశ్వవిద్యాలయాల పుటలు, పత్రికల లింకులు అన్నీ ఒక్కసారిగా చిరునామా లేనివయ్యాయి. ఈ మధ్యలో సెర్బియా-మాంటెనెగ్రోకు సీఎస్ అక్షరాలు ఇచ్చారు. అవి అంతకుముందు చెకొస్లొవేకియావి! ఆ గందరగోళం చూశాక, ఖాళీ అయిన అక్షరాలను కనీసం 50 ఏళ్లు ఇంకెవరికీ ఇవ్వకూడదని నియమం మార్చారు. డచ్ యాంటిలీస్ అనే దీవుల సమూహాన్ని 2010 అక్టోబరులో రద్దు చేశారు, 2015లో డాట్ ఏఎన్ పోయింది. వీటన్నిటికీ మినహాయింపుగా, 1991లో పోయిన సోవియట్ యూనియన్ డాట్ ఎస్‌యూ మాత్రం ఇంకా మిగిలి ఉంది. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి.

పాత పాపాల వల్ల నష్టపోయిన అనుభవంతో ఐకాన్ 2022లో ఒక పద్ధతి ఖరారు చేసింది. జాబితా నుంచి అక్షరాలు తొలగితే ఆ డొమైన్‌ను, అంటే ఆ అక్షరాలతో ముగిసే చిరునామాలను, మూసేయడానికి అయిదేళ్లు గడువు. కారణం చూపితే మొత్తం పదేళ్ల దాకా పొడిగించవచ్చు. ఇది చూసి కొంత ఊరట చెందాల్సినవాళ్లు డాట్ ఐఓ తీసుకున్న పిల్లలు. ఐఓ అంటే బ్రిటిష్ హిందూ మహాసముద్ర భూభాగం, అంటే చాగోస్ దీవులు. 1960ల చివర, 70ల మొదట్లో అక్కడి జనాన్ని బ్రిటన్ ఖాళీ చేయించింది, డీగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం వెలిసింది. ఆ దీవుల మీద హక్కును మారిషస్‌కు అప్పగిస్తామని బ్రిటన్ 2024 అక్టోబరులో ప్రకటించింది, 2025 మే 22న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అది పూర్తిగా అమలై, ఆ భూభాగం జాబితా నుంచి తొలగితే, ఐఓ అక్షరాల కింద నేల ఉండదు. రేపే మూతపడుతుందని నేను అనడం లేదు. కానీ కొత్తగా పెట్టే కంపెనీకి అదొక్కటే చిరునామాగా పెట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. గేట్లు దాటి బయటకు రాకముందే కంపెనీ పెట్టే పిల్లలకు ఈ మాట కాలేజీలోనే చెప్పాలి.

చిన్న దేశాలు ఈ అక్షరాలతో ఎలా బాగుపడ్డాయో చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. తువాలు నేల మొత్తం కలిపితే 26 చదరపు కిలోమీటర్లు, జనం 11 వేల దరిదాపు. పిట్ట కొంచెమైనా కూత ఘనం. టీవీ అన్న అక్షరాలు వాళ్లకు దక్కడం యాదృచ్ఛికం, దాన్ని అద్దెకివ్వడం మాత్రం తెలివి. 2000 ప్రాంతంలో ఒక అమెరికన్ కంపెనీతో ఏళ్ల తరబడి చెల్లించేలా 5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఆ సొమ్ము చేతికి రావడంతోనే ఐక్యరాజ్యసమితిలో చేరే ఖర్చు భరించగలిగి, 2000 సెప్టెంబరులో సభ్యదేశమైంది. సాధారణంగా సమితి ముద్ర పడితే అక్షరాలు వస్తాయి. ఇక్కడ అక్షరాలే సమితికి దారి చూపించాయి. సముద్ర మట్టం పెరిగి ఆ దీవులు మునిగిపోతే డాట్ టీవీ ఏమవుతుందని నన్ను మన చానళ్లవాళ్లు అడుగుతుంటారు. తువాలు 2023లో రాజ్యాంగాన్ని సవరించుకుని, నేల పోయినా దేశంగా తాము కొనసాగుతామని రాసుకుంది. దాని విలువ ఎంతో తేలేది ఇక ముందే.

అంగ్విలాలో ఉండేది పదహారు వేల మంది. దానికున్న ఏఐ అక్షరాలు అంతకుముందు ఆఫ్రికాలోని ఒక ఫ్రెంచి భూభాగానివి. అది 1977లో జిబూతీగా స్వతంత్రమయ్యాక అవి ఖాళీ అయ్యాయి, 1980లలో అంగ్విలాకు దక్కాయి. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక గిరాకీ మిన్నంటింది. 2023లో డొమైన్ల మీద దాదాపు 3.2 కోట్ల డాలర్లు వచ్చింది, ప్రభుత్వ ఆదాయంలో అయిదో వంతు పైమాటే. విజయవాడలో ఏదో గదిలో కూర్చుని డాట్ ఏఐ కొన్న పిల్లవాడు అంగ్విలా రోడ్లకు, ఆసుపత్రికి తన వంతు చందా కట్టినట్టే. అందులో తప్పేమీ లేదు, తెలిసి కడితే బాగుంటుంది.

అందరికీ ఇంత అదృష్టం పట్టలేదు. పసిఫిక్‌లోని నియుయే దీవి జనాభా రెండు వేలలోపు. 1997లో దాని డాట్ ఎన్‌యూ అక్షరాలు ఒక అమెరికన్ చేతికి వెళ్లాయి. స్వీడిష్‌లో ‘నూ’ అంటే ‘ఇప్పుడు’ కాబట్టి స్వీడన్‌లో బ్రహ్మాండంగా అమ్ముడయ్యాయి. 2013 నుంచి ఒక స్వీడన్ సంస్థే వాటిని నడుపుతోంది. దీవికి దక్కాల్సింది దక్కలేదని నియుయే ప్రభుత్వం 2018లో స్వీడన్ కోర్టుకెక్కింది. పిట్‌కెయిర్న్ దీవిలో ఉండేది యాభై మంది లోపే, అయినా వాళ్లు పట్టు వదల్లేదు. తమ డాట్ పీఎన్ వేరేవాళ్ల చేతిలో ఉండటం నచ్చక సంతకాలతో అర్జీ పెట్టుకున్నారు. 2000లో ఐకాన్ ఆ అక్షరాలను దీవి పాలకమండలికి తిరిగి ఇప్పించింది. మన పేటలో ఒక వీధి జనాభా ఉండదు ఆ దీవి, కానీ తమ కాగితాలు తమ దగ్గర ఉండాలని పోరాడింది.

ఇప్పుడు చేదు మాటలు. డాట్ కామ్, డాట్ నెట్ వంటివి అమ్మేవాళ్లు ఐకాన్ నిబంధనలకు కట్టుబడాలి. గడువు దాటినా పేరును తిరిగి దక్కించుకునే వ్యవధి, పేరు మీద తగాదా వస్తే తీర్పు చెప్పే పద్ధతి అందరికీ ఒకటే. రెండక్షరాల డొమైన్లకు ఆ కట్టుబాటు లేదు. అక్కడ ఆ దేశం చెప్పిందే చట్టం. 2010లో లిబియా తన డాట్ ఎల్‌వై కింద ఉన్న ఒక పొట్టి లింకుల సైటును, తమ చట్టానికి విరుద్ధమంటూ, లాగేసుకుంది. 2021 జనవరి 1న బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ వైదొలగడం, పూర్తిగా అమల్లోకి రాగానే బ్రిటన్‌లో ఉన్నవాళ్ల డాట్ ఈయూ పేర్లు సుమారు 80 వేలు నిలిచిపోయాయి. వాళ్లు చేసిన తప్పేమీ లేదు, వాళ్ల దేశం వీధి మారింది. 2023లో ఆఫ్రికాలోని గబోన్ తన డాట్ జీఏను, అప్పటిదాకా ఉచితంగా పంచిపెట్టిన విదేశీ కంపెనీ నుంచి వెనక్కి తీసుకుంది. తీసుకుంటూనే 70 లక్షలకు పైగా పేర్లను తుడిచేసింది. అందులో మోసగాళ్లవే ఎక్కువని అంటారు, కానీ చీపురుకు మంచీ చెడూ తెలియదు కదా. ఉచితంగా వచ్చే డొమైన్ గురించి నన్ను అడిగేవాళ్లందరికీ ఈ ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను.

మన దగ్గర జరిగేది ఇంకా మొరటు వ్యవహారం. గుంటూరులో ఒక ఎగుమతిదారు గోదాములో చూశాను. ఒక పక్క తేజ రకం మిర్చి టిక్కీలు (బస్తాలు) గోడ ఎత్తు పేర్చి ఉన్నాయి. ఇంకో పక్క కారం పొడి అట్టపెట్టెల ముందు ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని, ప్రతి పెట్టె మీదా ఎర్ర సిరాతో అచ్చయిన వెబ్‌సైటు పేరు మీద తెల్ల కాగితం ముక్క అతికిస్తున్నారు. జిగురు ఆరక కాగితం జారుతోంది. వాటి మధ్య యజమాని ఫోను పట్టుకుని తిరుగుతున్నారు. జరిగిందేమిటంటే, వెబ్‌సైటు చేసిన కుర్రవాడు డొమైన్‌ను తన పేరు మీద, తన ఈమెయిలుతో కొన్నాడు. ఊరు మారాడు, నంబరు మారింది. గడువు తీరిందన్న హెచ్చరికలు ఎవరూ తెరవని ఆ ఈమెయిలుకు వెళ్లాయి. పేరు ఎవరో కొనేసి, ఇప్పుడు దానికి డాలర్లలో ధర చెబుతున్నారు. రెండక్షరాల విదేశీ డొమైన్ కావడంతో ఎవరిని అడగాలో, ఏ భాషలో అడగాలో కూడా ఆయనకు అంతు చిక్కలేదు. లక్షల సరుకు ఓడ ఎక్కాల్సిన రోజున ఆ గోదాములో జరుగుతున్న పని జిగురు పూయడం.

కాబట్టి నా విన్నపం వివరంగా చెబుతాను. మీ అసలు చిరునామా డాట్ ఇన్ అయినా కావాలి, డాట్ కామ్ అయినా కావాలి. డాట్ ఇన్ 1989 మే నుంచి ఉన్నదే. 2005లో అందరికీ తెరిచారు, నిక్సీ అనే సంస్థ చూసుకుంటోంది. తగాదా వస్తే తేల్చుకునే పద్ధతి మన దేశంలోనే ఉంది, మన కోర్టులున్నాయి, మన రూపాయల్లో రుసుము. ఈ చివరి అక్షరాల విలువ రిజర్వు బ్యాంకు కనిపెట్టింది. నకిలీ బ్యాంకు సైట్ల బెడద తగ్గించడానికి బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాలంది. ఆ పేర్లు ఇచ్చే బాధ్యత హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థకు అప్పగించింది. అంటే బ్యాంకుల పేర్ల కాగితాలు మన పక్క ఊళ్లో రాస్తున్నారు. మనం మాత్రం కరీబియన్ వైపు పరుగెడుతున్నాం.

డాట్ ఏఐ, డాట్ టీవీ అసలే వద్దని నేను అనను. ముచ్చటైన పేరు దొరికితే తీసుకోండి, దాన్ని మీ డాట్ ఇన్ సైటుకు దారి మళ్లించి పెట్టండి. సంచుల మీద, పెట్టెల మీద, జీఎస్టీ బిల్లుల మీద, బోర్డు మీద మాత్రం అసలు చిరునామానే వేయండి. కొనేటప్పుడు యజమాని పేరు దగ్గర మీ సంస్థ పేరు ఉండాలి, వెబ్‌సైటు చేసినవాడిది కాదు. అందులో నా పేరు కూడా వద్దు. ఈమెయిలు, ఫోను నంబరు మీ గుమాస్తాది కాకుండా మీది పెట్టండి. రెన్యువల్ ఒకేసారి కొన్నేళ్లకు కట్టేయండి, మీ ఆడిటరు ఫైలులో ఆ రసీదు ఉంచండి. అయానా సైటులో ప్రతి దేశపు డొమైన్‌కూ ఒక పుట ఉంటుంది. నడిపే సంస్థ పేరు, దాని చిరునామా, పాలన వ్యవహారాలకు ఒక మనిషి, సాంకేతిక వ్యవహారాలకు ఇంకో మనిషి, కింద పేరు సర్వర్ల వరుస. అది ఒక్కటి చదివినా యజమాని ఎవరో తెలుస్తుంది. దేశం ఒకచోట, నడిపే కంపెనీ మరో ఖండంలో ఉంటే, వాళ్లిద్దరి మధ్య ఒప్పందం ఎప్పటిదాకానో వెతకండి.

ఇంకొక మాట. తెలుగు లిపిలో డాట్ భారత్ 2011లోనే మూల పట్టికలో చేరింది. తెలుగు అక్షరాలతోనే పూర్తి చిరునామా పెట్టుకోవచ్చు. ఇన్నేళ్లయినా మన రెండు ఊళ్లలో దాన్ని వాడే దుకాణం నా కంటపడలేదు. డాట్ తెలుగు అని మనకే ఒక డొమైన్ ఉండాలని సభల్లో కొందరు అంటుంటారు, కాటలాన్ భాషవాళ్లు 2005లో డాట్ క్యాట్ సంపాదించుకున్నారు కదా అంటారు. నిజమే, వాళ్లు దేశం హోదా లేకుండానే, భాష పేరుతో, మూడక్షరాల దారిలో వెళ్లి తెచ్చుకున్నారు. కానీ ఆ డొమైన్ తీసుకుంటే సైటులో కాటలాన్ భాష ఉండి తీరాలన్న నియమం పెట్టుకున్నారు. బీసెంట్ రోడ్డులో బోర్డు తెలుగులో రాయించడానికే బద్ధకించే మనం, లక్షల డాలర్ల దరఖాస్తు రుసుము కట్టి డొమైన్ తెచ్చుకుని ఏం చేస్తాం? ముందు ఉన్న డాట్ భారత్‌లో మీ దుకాణం పేరు తెలుగులో ఒకటి తీసి పెట్టండి. అది నిజంగా వాడుకలోకి వస్తే, తర్వాతి మెట్టు గురించి మాట్లాడుకుందాం.

మీ సంఘాల తదుపరి సర్వసభ్య సమావేశంలో ఈ విషయానికి అరగంట కేటాయించమని కోరుతున్నాను. ప్రతి సభ్యుడూ తన డొమైన్ పేరు, అది ఎవరి పేరు మీద ఉందో, గడువు తేదీ ఎప్పుడో ఒక కాగితం మీద రాసుకుని వస్తే చాలు, అక్కడికక్కడే తనిఖీ చేసి చెబుతాను. దీనికి నాకు రుసుమేమీ అక్కర్లేదు. గుంటూరులో పెడితే ఉదయం యార్డు వేలం అయిపోయాక, విజయవాడలో పెడితే దుకాణాలు కట్టే వేళకు పెట్టండి, అప్పుడైతే యజమానులే స్వయంగా వస్తారు.

ఇట్లు,
గవర్నర్‌పేటలో వెబ్‌సైట్ల పని చేసుకునే ఒక విజయవాడ వాసి